రెండు–నాలుగా, నాలుగు–ఎనిమిదా: లిమిట్ హోల్డెమ్‌లో మొదటి టేబుల్ ఎంచుకోవడం

మొదటిసారి కార్డ్ రూమ్‌లో, అంటే డబ్బు పెట్టి పోకర్ ఆడే క్లబ్బులో, అడుగుపెట్టినవాళ్లు బోర్డు మీద అన్నిటికంటే చిన్న అంకె కోసం వెతుకుతారు. 2/4 (మొదటి రౌండ్లలో పందెం 2 డాలర్లు, తర్వాతి రౌండ్లలో 4) కనిపిస్తే దానికే పేరు రాయిస్తారు. చేయి తిరిగేదాకా చిన్నగా ఆడదాం, పోయినా కొంచెమే పోతుందన్న ధైర్యం అది. పందెం సైజు ముందే ఖాయంగా ఉండే పోకర్ ఆట, లిమిట్ హోల్డెమ్‌లో ఆ ధైర్యమే ముంచుతుంది. 4/8 నుంచి 2/4కి దిగితే పందెం సగానికి తగ్గుతుంది. ప్రతి పాట్ (ఒక పంపకంలో అందరి పందేలూ కలిసిన మొత్తం) నుంచి క్లబ్బు తీసుకునే కోత మాత్రం చాలాచోట్ల అంతే ఉంటుంది, మహా అయితే ఓ డాలర్ తగ్గుతుంది. టేబుల్ ఎంచుకునేముందు చూడాల్సిన మొదటి లెక్క ఇదే: అక్కడి పెద్ద పందెంలో కోత ఎన్నో వంతు?

కాలిఫోర్నియా, నెవాడా లాంటి చోట్ల ఉంటూ, ఫ్లష్ పెద్దదా స్ట్రెయిట్ పెద్దదా అన్నది తెలిసి, డబ్బు పెట్టి ఆడటం ఇంకా మొదలుపెట్టని పెద్దలకు పనికొచ్చే సంగతులు ఇవి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్నవాళ్ల దారి వేరు, అది చివర్లో.

లిమిట్, నో–లిమిట్: జేబు లెక్క

రమ్మీ ఆడినవాళ్లకు లిమిట్ తేలిగ్గా ఎక్కుతుంది. రమ్మీలో ఫుల్ కౌంట్ పడినా 80 దాటదు. లిమిట్‌లోనూ ఒక పంపకంలో ఎంతవరకు పోవచ్చో కూర్చోకముందే చెప్పవచ్చు. 4/8 టేబుల్ తీసుకోండి. హోల్డెమ్‌లో మనిషికి రెండు ముక్కలు మూసి పంచుతారు. తర్వాత మధ్యలో అందరికీ కలిపి ఐదు తెరుస్తారు: ముందు మూడు (ఫ్లాప్), ఆపై ఒకటి (టర్న్), చివర ఒకటి (రివర్). ఆ ఐదింటినే బోర్డు అంటారు. డీలర్ బటన్‌కు (పంపకానికో సీటు చొప్పున జరిగే బిళ్ల) ఎడమ పక్కనున్న ఇద్దరు ముక్కలు చూడకుండానే 2, 4 డాలర్ల బ్లైండ్లు పెడతారు. ఫ్లాప్‌కు ముందు, ఫ్లాప్ మీద ఎవరు పందెం వేసినా, ఎవరు రైజ్ చేసినా (పందెం పెంచినా) సరిగ్గా 4 డాలర్లే. టర్న్, రివర్ మీద సరిగ్గా 8. ఒక్కో రౌండులో ఒక పందెం, దాని మీద మూడు రైజ్‌లు అయ్యాక ఇంక పెంచడానికి లేదు. అంటే అన్ని రౌండ్లూ ఆ హద్దు దాకా పోయినా మీ జేబులోంచి వెళ్లేది 16, 16, 32, 32, మొత్తం 96 డాలర్లు. మామూలుగా అంత దూరం పోదు. రౌండుకో పందెం చొప్పున చివరిదాకా వెళ్లి ఓడితే 24 డాలర్లు. కొన్ని గదుల్లో నాలుగు రైజ్‌లు ఒప్పుకుంటారు, ఇద్దరే మిగిలినప్పుడు చాలాచోట్ల ఆ హద్దే ఉండదు. కూర్చోగానే డీలర్‌ని అడిగితే సరిపోతుంది.

1/2 నో–లిమిట్‌లో అలాంటి గీత లేదు. 200 డాలర్లతో కూర్చుంటే ఆ 200 ఒక్క పంపకంలోనే పోవచ్చు. పక్కన 1/2, ఇటు 4/8 చూసి 1/2 చిన్న ఆట అనుకోవడం కొత్తవాళ్లకు పడే మొదటి దెబ్బ. నో–లిమిట్ పేరులోని అంకెలు బ్లైండ్లు, లిమిట్ పేరులోనివి పందేలు. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

మరి ఏది? దగ్గర్లో 4/8 ఆట రోజూ నడుస్తుంటే మొదటి వంద గంటలు లిమిట్ ఆడటమే మేలు. ఒక తప్పు ఖరీదు ఒక పందెమే, గంటకు అలాంటి నిర్ణయాలు బోలెడు వస్తాయి, ఎదుటివాళ్ల చేతుల్ని, అంటే వాళ్లకొచ్చిన ముక్కల్ని, రివర్ దాకా చూసే అవకాశం దొరుకుతుంది. లోపమూ అక్కడే ఉంది. తప్పు చవక కాబట్టి అది తప్పని తెలియడానికి నెలలు పడుతుంది. నో–లిమిట్ ఒక్క సాయంత్రంలో చెంపదెబ్బ కొట్టి చెప్పేదాన్ని లిమిట్ ఏడాదిపాటు చిల్లరగా వసూలు చేస్తుంది.

నో–లిమిటే మిగిలే సందర్భం ఒకటుంది: మీ ఊళ్లో లిమిట్ టేబులే లేకపోవడం. ఒకప్పుడు కార్డ్ రూముల్లో రోజువారీ ఆట లిమిటే. 2003లో క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంట్ వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్‌లో (అది నో–లిమిట్ పోటీ) 25 లక్షల డాలర్లు గెలిచాక జనం నో–లిమిట్ వైపు మళ్లారు. ఇప్పుడు చాలా గదుల్లో లిమిట్ ఒకటో రెండో టేబుళ్లు, అవీ కొన్ని వేళల్లోనే. బయల్దేరే ముందు ఫోన్ చేసి 4/8 ఇప్పుడు నడుస్తోందా, వెయిటింగ్‌లో ఎంతమంది ఉన్నారు అని అడిగితే పెట్రోలు మిగులుతుంది.

స్ప్రెడ్ లిమిట్ అని మరోటి కనిపించవచ్చు. అందులో పందెం 2 నుంచి 10 మధ్య ఎంతైనా వేయవచ్చు. పేరుకు లిమిట్, ఆడే తీరు నో–లిమిట్‌కు దగ్గర. కింద చెప్పిన లెక్కలు దానికి వర్తించవు.

ఏ సైజు: కోత లెక్క

ఒక మామూలు కాలిఫోర్నియా టేబుల్ ఊహించుకుందాం. ప్రతి పాట్ నుంచి జాక్‌పాట్ నిధికి పోయే డాలర్‌తో కలిపి 5 డాలర్లు కోత. గెలిచినవాడు డీలర్‌కి ఇచ్చే టిప్పు 1 డాలర్. గంటకు 32 పంపకాలు. మొత్తం 192 డాలర్లు గంటగంటకూ టేబుల్ మీంచి మాయమవుతాయి. తొమ్మిది మందికి పంచితే సీటుకు 21 డాలర్ల పైమాట. అదే కోత వేర్వేరు సైజుల మీద పడితే ఇలా ఉంటుంది:

| ఆట | పెద్ద పందెం | ఒక పంపకంలో గరిష్ఠ నష్టం | సీటుకు గంటకు కోత, పెద్ద పందేల్లో |
|---|---|---|---|
| 2/4 | 4 డాలర్లు | 48 | 5.3 |
| 3/6 | 6 డాలర్లు | 72 | 3.6 |
| 4/8 | 8 డాలర్లు | 96 | 2.7 |
| 6/12 | 12 డాలర్లు | 144 | 1.8 |
| 8/16 | 16 డాలర్లు | 192 | 1.3 |

చిన్న లిమిట్ ఆటల్లో అన్నీ పోను గంటకు ఒక పెద్ద పందెం మిగిల్చుకునేవాడిని మంచి ఆటగాడని చాలాకాలంగా లెక్కిస్తూ వచ్చారు. 2/4లో ఆ ఒక్కటి మిగలాలంటే ముందు ఐదు పందేలకు పైగా కోతకే సంపాదించాలి. టేబుల్ చుట్టూ ఎంత వదులుగా ఆడేవాళ్లున్నా (ఏ ముక్కలొచ్చినా పందెంలో దూరేవాళ్లు) అది అయ్యే పని కాదు. 2/4 అంటే టికెట్ కొనుక్కుని చూసే వినోదం. చిప్స్ పట్టుకోవడం, వంతు రాగానే పలకడం, బోర్డు చదవడం నేర్చుకోవడానికి రెండు మూడు సాయంత్రాలు దాన్ని వాడుకోండి, అక్కడే స్థిరపడకండి.

ఈ సగటులో ఒక మెలిక ఉంది. కోత కట్టేది పాట్ గెలిచినవాడు. తక్కువ చేతులు ఆడి గంటకు రెండు మూడు పాట్‌లే గెలిచేవాడు 12 నుంచి 18 డాలర్లు కడతాడు, ప్రతి చేతిలోనూ దూరేవాడు ఎక్కువ కడతాడు. బిగువుగా ఆడటంలో లాభం ఎదుటివాళ్ల నుంచే కాదు, క్లబ్బు నుంచి కూడా కొంత వస్తుంది.

3/6 ఎవరికి? 4/8 దొరకని చోట. పైగా 3/6లో చిన్న బ్లైండ్ చాలాచోట్ల 1 డాలర్, పెద్దది 3. 4/8లో చిన్న బ్లైండ్‌లో కూర్చుంటే సగం పందెం అప్పటికే లోపలుంటుంది కాబట్టి ఇంకో 2 వేసి ఫ్లాప్ చూడటం చాలా చేతులకు కిట్టుబాటే. 3/6లో మూడింట రెండు వంతులు ఇంకా కట్టాలి, ఆ సీటులో చేతులు బాగా తగ్గించుకోవాలి.

6/12, 8/16లలో కోత భారం తగ్గుతుంది, కానీ అక్కడ కూర్చున్నవాళ్లలో ఏళ్ల తరబడి అదే టేబుల్ ఆడే పెద్దవాళ్లు ఉంటారు. మొదటి రోజే అక్కడికి వెళితే కోత మిగిల్చి వాళ్లకు సమర్పించుకున్నట్టే. 4/8లో వంద గంటలు, ఆ వంద గంటల లెక్క పుస్తకం చేతికొచ్చాక 6/12 చూడవచ్చు.

కోత తీసుకునే పద్ధతి రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. కాలిఫోర్నియాలో కార్డ్ రూములు పాట్‌లో శాతంగా వసూలు చేయడానికి చట్టం ఒప్పుకోదు, అందుకే ముందే ప్రకటించిన నిర్ణీత రుసుము. పాట్ 30 అయినా 130 అయినా ఒకటే. లాస్ వెగాస్‌లో శాతం, దాని మీదో గరిష్ఠ హద్దు, ఫ్లాప్ పడకపోతే చాలాచోట్ల కోతే ఉండదు. దీనివల్ల ఆట మారుతుంది. వెగాస్‌లో అందరూ ఫోల్డ్ చేశాక (ముక్కలు వదిలేశాక) బ్లైండ్ల మీద రైజ్ చేసి 6 డాలర్లు లాక్కోవడం లాభమే. నిర్ణీత రుసుమున్న చోట ఆ 6లోంచీ కొంత పోవచ్చు కాబట్టి, మీరు బ్లైండ్‌లో ఉండగా అందరూ ఫోల్డ్ చేస్తే పక్కవాడు ‘చాప్?’ అని అడిగినప్పుడు సరే అని ఎవరి బ్లైండ్ వాళ్లు వెనక్కి తీసుకోవడం మంచిది. ఒకసారి ఒప్పుకుని మంచి ముక్కలొచ్చినప్పుడు వద్దంటే మాత్రం మర్యాద పోతుంది.

జాక్‌పాట్ గురించి ఒక్క మాట. గొప్ప చేయి ఓడిపోతే వేల డాలర్లిస్తామన్న బోర్డు చూసి టేబుల్ ఎంచుకోవద్దు. ఆ డాలర్ ప్రతి పాట్ నుంచీ పోతుంది, మీ దాకా తిరిగి రావడం దాదాపు లేనట్టే. అయితే జాక్‌పాట్ ఆశతో చెత్త జతలు పట్టుకుని రివర్ దాకా వచ్చేవాళ్లుంటారు. వాళ్ల కోసమైతే ఆ టేబుల్ పనికొస్తుంది.

కిల్ ఉన్న ఆట

బోర్డు మీద ‘4/8 విత్ కిల్’ అనుంటే జాగ్రత్త. ఒకే ఆటగాడు వరసగా రెండు పాట్‌లు గెలిస్తే తర్వాతి పంపకం రెట్టింపవుతుంది, 8/16 అవుతుంది. హాఫ్ కిల్ అయితే 6/12. గెలిచినవాడు ఆ పెరిగిన మొత్తాన్ని ముందుగానే పెడతాడు. ఆ పంపకంలో గరిష్ఠ నష్టం ఫుల్ కిల్‌లో 192, హాఫ్ కిల్‌లో 144. కోత మాత్రం పెరగదు కాబట్టి ఆడటం వచ్చినవాడికి ఇది లాభసాటి. కొత్తవాడు 100 డాలర్లతో కూర్చుంటే రెండు కిల్ పంపకాల్లో ఖాళీ అవుతాడు. మొదటి నెల హాఫ్ కిల్ దాకా సరే, ఫుల్ కిల్ వద్దు.

గదిలో ఏ టేబుల్, టేబుల్ దగ్గర ఏ సీటు

పేరు రాయించాక పిలిచేదాకా ఫోన్ చూసుకోకుండా టేబుల్ వెనక పది నిమిషాలు నిలబడండి. ఒకటే లెక్కపెట్టాలి: ఫ్లాప్ చూసేవాళ్లు ఎందరు? తొమ్మిది మందిలో ఐదారుగురు వస్తూ, ఫ్లాప్‌కు ముందు రైజ్‌లు అరుదుగా పడుతుంటే అది మీ టేబుల్. ఇద్దరు ముగ్గురే వస్తూ, ప్రతి పంపకమూ రైజ్‌తో మొదలై, ఎవరూ మాట్లాడకుండా హెడ్‌ఫోన్లు పెట్టుకునుంటే ఆ సీటు ఖాళీగా ఉన్నా వదిలేయండి. అలాంటి చోట పాట్‌లు చిన్నవి, కోత అంతే. ఐదారుగురు వస్తూ ప్రతి పంపకమూ హద్దు దాకా రైజ్‌లు పడే టేబుల్ మూడో రకం. అది లాభసాటే, కానీ మామూలుకు రెట్టింపు డబ్బు, అంతకు మించిన గుండె కావాలి.

సీటు ఎంపికలో ఒకటే సూత్రం: ఎక్కువగా రైజ్ చేసేవాడు మీ కుడి పక్కన ఉండాలి. వాడు ఏం చేశాడో చూశాకే మీ వంతు వస్తుంది. సీటు ఖాళీ అయితే నేను మారతానని డీలర్‌కి ముందే చెప్పి పెట్టుకోవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. కూర్చోగానే డబ్బు కట్టి మధ్యలో దూరే బదులు పెద్ద బ్లైండ్ మీ దగ్గరికొచ్చేదాకా ఆగండి. ఆ కాసేపట్లో ఎవరు ఎలాంటి చేతులు చూపిస్తున్నారో ఉచితంగా తెలుస్తుంది.

ఏ చేతులు, ఎంతదాకా

డబ్బంతా పోయేది ఇక్కడే, అందుకే కాస్త నిలిచి చూద్దాం.

రమ్మీలో ఫస్ట్ డ్రాప్‌కి 20 పాయింట్లు కట్టాలి. హోల్డెమ్‌లో బ్లైండ్‌లో లేనప్పుడు డ్రాప్ ఉచితం. 4/8లో బ్లైండ్ల ఖర్చే గంటకు 21 డాలర్ల దాకా ఉంటుంది, అంతకు మించి ఊరికే పెట్టాల్సిన అవసరం ఎవరికీ లేదు. ఐదు చేతుల్లో ఒకటి, అంటే గంటకు ఆరేడు ఆడితే చాలు. మిగతా పాతిక సార్లు ముక్కలు తోసేసి చూస్తూ కూర్చోవడం ఎంత విసుగో, ఎంత లాభమో రెండూ నిజమే.

ఆసుల జత నుంచి పదుల జత దాకా, ఆసు–రాజు, ఆసు–రాణి, ఒకే సూట్‌లో ఆసు–జాకీ, ఒకే సూట్‌లో రాజు–రాణి వస్తే ఎక్కడ కూర్చున్నా రైజ్ చేయండి. ముందు ఎంతమంది కాల్ చేశారన్నది (పందేనికి సరిపడా కట్టారన్నది) లెక్క కాదు. ఏడు, ఎనిమిది, తొమ్మిది జతలు, ఒకే సూట్‌లో ఆసు–పది, రాజు–జాకీ, రాణి–జాకీ లాంటివి ఫ్లాప్ చూడటానికి తగినవి. చిన్న జతలు, ఆసుతో అదే సూట్‌లో చిన్న ముక్క, ఒకే సూట్‌లో ఏడు–ఆరు లాంటి వరస ముక్కలు బటన్ దగ్గరున్నప్పుడు, మీకంటే ముందు కనీసం ముగ్గురు నలుగురు కాల్ చేస్తేనే. కారణం ఉంది: జతతో ఫ్లాప్ మీద మూడో ముక్క పడే అవకాశం దాదాపు ఎనిమిదిన్నర సార్లకు ఒకసారి. పాట్‌లో నలుగురైదుగురు ఉంటేనే ఆ ఒక్కసారి మిగతా ఏడున్నర సార్ల ఖర్చు తిరిగి ఇస్తుంది.

వదులు టేబుల్‌లో అందంగా కనిపించి ముంచేవి వేరే సూట్ల పెద్ద ముక్కలు: ఆసు–తొమ్మిది, రాజు–పది, రాణి–తొమ్మిది. ఆరుగురు వచ్చిన పాట్‌లో మీ ఆసుకు జత పడితే ఇంకొకడి దగ్గర ఆసు–రాణి ఉంటుంది. రెండో స్థానంలో ఉండి రివర్ దాకా కట్టుకుంటూ పోతారు. జత పడినా ఓడే చేయి కంటే, పడకపోతే వదిలేసి పడితే గెలిచే చేయి నయం. ఒకే సూట్ ముక్కల విలువ అక్కడ పెరగడానికి కారణం అదే.

ఇక ఫ్లాప్ తర్వాత. పాట్‌ను డాలర్లలో చూసి, కట్టాల్సిన దానితో భాగించడమే పని. 4/8లో ఆరుగురు ఫ్లాప్‌కు వచ్చారు: 24 డాలర్లు, కోత పోను 19. మొదటివాడు 4 వేశాడు, ఇద్దరు కాల్ చేశారు. పాట్ 31, మీరు కట్టాల్సింది 4. దాదాపు 7.75కి ఒకటి.

మీకు ఆఠీనులో నాలుగు ముక్కలున్నాయి, ఐదోది కావాలి. కనపడని 47 ముక్కల్లో 9 మీవి, 38 కావు, అంటే 4.2కి ఒకటి. పాట్ 7.75 ఇస్తోంది, కళ్లు మూసుకుని కాల్ చేయవచ్చు. రెండు వైపులా తెరిచిన స్ట్రెయిట్‌కు 8 ముక్కలు, 4.9కి ఒకటి. అదీ సరే. మధ్యలో ఒకటే ముక్క కావాల్సిన స్ట్రెయిట్‌కు 4 ముక్కలు, 10.75కి ఒకటి. పాట్‌లో 43 ఉండాలి, 31 ఉన్నాయి. పడ్డాక టర్న్, రివర్ మీద ఇంకో 12 డాలర్లు, అంటే పెద్ద పందెం ఒకటిన్నర రాబట్టగలిగితే సరిపోతుంది. మీది అన్నిటికంటే పెద్ద స్ట్రెయిట్ అయి, బోర్డు మీద ఒకే సూట్ ముక్కలు రెండు లేకపోతే, వెనక రైజ్ చేసేవాడూ లేకపోతే కాల్. ఆ మూడింట్లో ఏ ఒక్కటి తప్పినా ఫోల్డ్.

నో–లిమిట్ వీడియోలు చూసి వచ్చినవాళ్లు తడబడేది ఇక్కడే. అక్కడ మంచి చేయి ఉంటే పెద్ద పందెం వేసి ఫ్లష్‌కు ఆశపడేవాళ్లను తరిమేస్తారు. ఇక్కడ 4 డాలర్లతో ఎవర్నీ తరమలేరు, తరమాలని చూడనూ వద్దు. చేయగలిగింది ఒకటే: ధర రెట్టింపు చేయడం. పైన చెప్పిన 19 డాలర్ల పాట్‌లోనే మీ కుడి పక్కవాడు 4 వేశాడు, మీకు బోర్డులో పెద్ద ముక్కకు జత, పక్కన మంచి ఆసు. మీరు 8కి రైజ్ చేస్తే పాట్ 31, తర్వాతివాడు కట్టాల్సింది 8. అతనికి 3.9కి ఒకటే దొరుకుతుంది. ఫ్లష్ కోసం చూసేవాడికి అది ఇప్పటికీ దాదాపు సరసమే, వాడిని కట్టనివ్వండి. మధ్య ముక్క స్ట్రెయిట్ వాడికి, ఐదు ముక్కల కోసం చూసే చిన్న జత వాడికి (8.4కి ఒకటి కావాలి) ఇది నష్టం. వాళ్లు ఫోల్డ్ చేసినా మీకు మేలు, కట్టినా మేలు. అదే రైజ్ చేయకుండా కాల్ చేసి ఊరుకుంటే వాళ్లంతా 4తో లోపలికొస్తారు.

రివర్ మీద లెక్క తిరగబడుతుంది. పాట్ 96, కట్టాల్సింది 8. పదమూడు సార్లకు ఒక్కసారి మీ చేయి గెలిస్తే నష్టం లేదు. ‘వాడు కొట్టేశాడులే’ అని మంచి జతను పారేయడం లిమిట్‌లో ఖరీదైన తప్పు, ఎందుకంటే పోయేది 8 కాదు, అప్పుడప్పుడూ 96. ముందు వదులు, వెనక బిగువు అన్నది కొత్తవాళ్ల తీరు. దాన్ని ఉల్టా చేయాలి. బ్లఫ్ సంగతి కూడా ఇందులోంచే వస్తుంది. అంత పెద్ద పాట్‌లో 8 డాలర్లకు భయపడి ముగ్గురూ ఫోల్డ్ చేయరు, కాబట్టి నలుగురున్న పాట్‌లో బ్లఫ్ మానేయండి.

కంప్యూటర్ ఈ ఆటను పరిష్కరించేసిందని ఎవరైనా అంటే, అది సగం నిజం. 2015లో కెనడాలోని అల్బెర్టా విశ్వవిద్యాలయం వాళ్ల సెఫియస్ ప్రోగ్రామ్ ఇద్దరు ఆడే లిమిట్ హోల్డెమ్‌ను దాదాపు పూర్తిగా పరిష్కరించింది. అందులో బటన్ మీదున్నవాడు మంచి చేతులకే పరిమితం కాకుండా చాలా చేతులతో రైజ్ చేస్తాడు. ఆ తీరు తెచ్చి తొమ్మిది మంది టేబుల్ మీద పెడితే మాడిపోతారు.

ఎంత డబ్బు

4/8కి 25 పెద్ద పందేలు, 200 డాలర్లు పట్టుకెళ్లండి. 100తో కూర్చుని, మిగతాది జేబులో ఉంచండి. అదీ పోతే ఆ రోజుకు ఆట ముగిసినట్టు. ఈ ఆటలో గంటకు పది పెద్ద పందేల వరకు అటూ ఇటూ ఊగడం సహజం. నాలుగు గంటలకు అది ఇరవై, అంటే 160 డాలర్లు. ఇరవై సాయంత్రాల్లో ఒకసారి ఊగు 320 కూడా దాటుతుంది. గంటకు ఒక పెద్ద పందెం నిజంగా గెలవగలిగినవాడు సైతం వంద గంటల తర్వాత నష్టంలో ఉండే అవకాశం ఆరింట ఒక వంతు. మొదటి నెల గెలుపు చూసి 8/16కి ఎగబాకడం, మొదటి నెల ఓటమి చూసి ఆట మానేయడం రెండూ ఈ అంకె తెలియకే. నెల తిరిగేసరికి కట్టాల్సిన అద్దె, క్రెడిట్ కార్డు బాకీ ఇందులోకి రాకూడదు. పోయింది రాబట్టాలని సీటు వదల్లేకపోతుంటే చాలా గదుల్లో మీ పేరు మీరే నిషేధితుల జాబితాలో రాయించుకునే ఏర్పాటు ఉంటుంది.

తేదీ, గంటలు, ఎంతతో కూర్చున్నారు, ఎంతతో లేచారు అన్నది ప్రతిసారీ రాసిపెట్టండి. అమెరికాలో గెలిచిన డబ్బు పన్ను కట్టాల్సిన ఆదాయమే. పోయినదాన్ని గెలిచినదాంట్లోంచి తీసేయాలంటే తగ్గింపులను విడివిడిగా చూపించాలి, 2026 నుంచి అదీ పోయినదాంట్లో 90 శాతం వరకే.

టేబుల్ దగ్గర మనవాళ్లు తప్పే చోట్లు

ఆట నడుస్తుండగా టేబుల్ మీద ఇంగ్లీషే మాట్లాడాలన్నది అమెరికా కార్డ్ రూముల్లో మామూలు నియమం. ఇద్దరు తెలుగు స్నేహితులు పక్కపక్కన కూర్చుని ‘ఏం పడిందిరా’ అనుకుంటే ముక్కలు చెప్పుకుంటున్నారన్న అనుమానం వస్తుంది, డీలర్ హెచ్చరిస్తాడు, మళ్లీ చేస్తే లేపేస్తారు. స్నేహితుడని పందెం వేయకుండా రివర్ దాకా చెక్ చేసుకుంటూ పోవడం కూడా తప్పుగానే చూస్తారు. వేర్వేరు టేబుళ్లలో కూర్చుంటే ఈ బాధ ఉండదు.

రైజ్ చేయాలంటే ముందు నోటితో ‘రైజ్’ అనండి. మాట్లాడకుండా ఒక్క పెద్ద చిప్ వేస్తే అది కాల్ కిందే లెక్క. కాల్‌కు సరిపడా వేసి, మళ్లీ చెయ్యి వెనక్కి తీసుకుని ఇంకొన్ని వేస్తే ఆ రెండో విడత చెల్లదు. చిప్స్ పాట్‌లోకి విసరకండి, మీ ముందు దొంతరగా పెట్టండి. ముక్కల మీద ఒక చిప్ పెట్టుకోండి, లేకపోతే డీలర్ వదిలేసిన ముక్కల్లో కలిపేసుకోవచ్చు. అప్పుడు అడిగినా తిరిగిరావు.

ఇంట్లో ఆడితే, మన దగ్గర ఆడితే

స్నేహితుల ఇంట్లో ఆట కోత లేనిది కాబట్టి లెక్కప్రకారం అన్నిటికంటే చవక. చట్టం రాష్ట్రానికో రకం. ఇంటివాడు పాట్ నుంచి వాటా తీసుకుంటుంటే మాత్రం చాలాచోట్ల అది నేరమే, ఆ ఇంటికి వెళ్లవద్దు. గ్రీన్ కార్డు మీదున్నవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి: జూదం కేసులు రెండింట్లో శిక్ష పడినా, అక్రమ జూదమే ప్రధాన ఆదాయమైనా పౌరసత్వ దరఖాస్తుకు అది అడ్డు.

తెలుగు రాష్ట్రాల్లో పరిస్థితి వేరు. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద పెట్టిన కేసులో, సత్యనారాయణ కేసుగా పేరుపడ్డ 1960ల తీర్పులో, సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యమున్న ఆటగా, మూడు ముక్కలాటను అదృష్టం మీద నడిచేదిగా విడదీసింది. ఆ తీర్పు చూపించి పోకర్ కూడా సరేనని చెప్పేవాళ్లను నమ్మకండి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలు సవరించి ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడటాన్ని నిషేధించాయి. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా చూడకుండా దేశమంతటా ఆన్‌లైన్ డబ్బు ఆటలను ఆపేసింది. గోవాలో మాండవి నది మీది కాసినోల్లో పోకర్ ఉంది గానీ అక్కడ నడిచేది ప్రధానంగా నో–లిమిట్.

ఇక్కడ ఉన్నవాళ్లకు మిగిలింది డబ్బు లేని అభ్యాసం. ఉచిత యాప్‌లలో ఎవరూ ఫోల్డ్ చేయరు, బోర్డు వేగంగా చదవడం తప్ప అవి ఏమీ నేర్పవు. దానికంటే ఒక పేక కట్ట, చింతపిక్కలు నయం. జోకర్లు తీసేసి 52 ముక్కలు ఉంచండి. ఐదారుగురు కూర్చుని మనిషికి 100 పిక్కలు పంచుకోండి. బ్లైండ్లు 1, 2. మొదటి రెండు రౌండ్లు 2 చొప్పున, తర్వాత 4 చొప్పున. ప్రతి పాట్ నుంచి 2 పిక్కలు తీసి పక్క గిన్నెలో వేస్తూ ఉండండి, అది క్లబ్బు కోత. 5 డాలర్ల కోత ఉన్న 2/4 టేబుల్‌లో పోయేది దీనికి రెండున్నర రెట్లు. కాల్ చేసేముందు ప్రతి ఒక్కరూ పాట్‌లో ఎన్ని పిక్కలున్నాయో పైకి చెప్పాలి, తప్పు చెబితే ఒక పిక్క జరిమానా. రెండు గంటలయ్యాక గిన్నెలో పిక్కలు ఎన్ని చేరాయో, టేబుల్ మీద ఎన్ని మిగిలాయో లెక్కపెట్టి చూడండి.